హెర్బ్లాక్ వదిలి వెళ్లిన 50,000 చిత్తు బొమ్మలు

హెర్బ్లాక్ అనే పేరు మన దగ్గర కార్టూన్ల పిచ్చి ఉన్నోళ్లకి, జర్నలిజం చదివినోళ్లకి తప్ప పెద్దగా తెలియదు, కానీ అమెరికాలో 72 ఏళ్ల పాటు పేపర్లకి రాజకీయ కార్టూన్లు గీసిన మనిషి ఆయన, అందులో 55 ఏళ్లు ఒక్క వాషింగ్టన్ పోస్ట్‌లోనే. అసలు పేరు హెర్బర్ట్ లారెన్స్ బ్లాక్. 1909 అక్టోబర్ 13న చికాగోలో పుట్టాడు, 2001 అక్టోబర్ 7న పోయాడు, ఇంకో ఆరు రోజులు ఉంటే 92 నిండేవి. హూవర్ దగ్గర మొదలుపెట్టి చిన్న బుష్ దాకా 13 మంది ప్రెసిడెంట్లు ఆయన కుంచె కిందకి వచ్చారు. ఇంత పొడుగు కెరీర్ ఇంకో కార్టూనిస్టుకి ఉందా అని ఆలోచిస్తే నాకైతే ఎవరూ తట్టట్లేదు.

ఆయన పోయిన తర్వాత, 2002లో, ఆయన పేరు మీద ఏర్పడిన ఫౌండేషన్ ఆ బొమ్మలన్నీ తీసుకెళ్లి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి, అంటే అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటిదానికి, ఇచ్చేసింది. 14,000కి పైగా ఒరిజినల్ కార్టూన్లు. వాటితో పాటు 50,000 చిత్తు బొమ్మలు, అంటే ఫైనల్‌గా గీసే ముందు ఐడియా కోసం గబగబా గీసుకున్న రఫ్ స్కెచ్‌లు. చాలామంది ఆ 14,000 గురించే మాట్లాడతారు, ఎందుకంటే ఫేమస్ బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. నాకు మాత్రం ఆ 50,000 మీదే మనసు. లెక్క వేసి చూడండి, పేపర్‌లో అచ్చయిన ప్రతి బొమ్మ వెనక మూడో నాలుగో చిత్తు బొమ్మలు ఉన్నాయన్నమాట, అవి కూడా పారేయకుండా ఒక మనిషి దాచాడు, ఒక సంస్థ వాటిని విలువైనవి అనుకుని తీసుకుంది. ఈ రెండోది జరగడం ఎంత అరుదో ఆలోచిస్తేనే నాకు ఈ పోస్టు రాయాలనిపించింది.

ముందు ఆయన రోజు ఎలా గడిచేదో చెప్తాను. పొద్దున పేపర్లన్నీ చదవడం, ఆఫీసుకి వెళ్లి ఆ వార్త రాసిన రిపోర్టర్ దగ్గర కూర్చుని అసలు ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, దీంట్లో ఇంకా రాయని సంగతి ఏమైనా ఉందా అని అడగడం. తర్వాత తన గదిలోకి వెళ్లి (ఆ గది కాగితాల గుట్టలతో నిండిపోయి ఉండేదని చూసినవాళ్లందరూ చెప్పే మాటే) మూడో నాలుగో చిత్తు బొమ్మలు గీసుకునేవాడు. ఇక్కడి నుంచే నాకు బాగా నచ్చే భాగం. ఆ చిత్తు బొమ్మలు చేత్తో పట్టుకుని న్యూస్‌రూమ్ అంతా తిరిగేవాడు, తనకి నమ్మకమున్న రిపోర్టర్ల టేబుల్ దగ్గర ఆగి, ఇదిగో చూడు, అర్థమవుతోందా, ఇందులో విషయం తప్పేమీ లేదు కదా, వీటిలో ఏది బాగుంది అని అడిగేవాడు. మూడు పులిట్జర్లు (అమెరికాలో జర్నలిజానికి ఇచ్చే అతి పెద్ద ప్రైజ్) వచ్చిన మనిషి కూడా నిన్నో మొన్నో చేరిన కుర్రాడికి బొమ్మ చూపించి అభిప్రాయం అడిగేవాడంటే అది మామూలు విషయం కాదండీ. అలా అందరి మొహాలూ చూసి, ఎక్కడ వెంటనే నవ్వు వచ్చిందో, ఎక్కడ కళ్లు చిట్లించుకున్నారో గమనించి, ఒకటి ఎంచుకుని, అప్పుడు అసలు బొమ్మ మొదలుపెట్టి డెడ్‌లైన్ మీద పూర్తి చేసేవాడు. మిగతా రెండో మూడో పక్కన పడేవి. అలాంటి చిత్తు బొమ్మలే ఈరోజు లైబ్రరీలో ఉన్న 50,000.

అభిప్రాయం అడిగేవాడు గానీ పర్మిషన్ అడిగేవాడు కాదు, ఈ తేడా గుర్తు పెట్టుకోండి. ఎడిటోరియల్ పేజీ ఎడిటర్‌కి చూపించి ఓకే చేయించుకోవాలన్న రూల్ ఆయనకి లేదు. పేపర్ ఎడిటోరియల్ ఒక మాట అంటే అదే పేజీలో ఆయన కార్టూన్ ఇంకో మాట అన్న రోజులు ఉన్నాయి. ఆ స్వేచ్ఛ ఊరికే రాలేదు, దానికి ముందు రెండు మూడు గట్టి దెబ్బలు తిన్నాడు.

మొదటి నుంచి చూస్తే, వాళ్ల నాన్న కెమిస్ట్, బొమ్మలూ రాతలూ అంటే ఇష్టమున్న మనిషి. కొడుకు చికాగో ట్రిబ్యూన్‌లో పాఠకుల కాలమ్‌కి చిన్న చిన్న ముక్కలు రాసి పంపుతుంటే పేరు మొత్తం కాకుండా ముందూ వెనకా కలిపి హెర్బ్లాక్ అని పెట్టుకోమన్నది ఆయనే. చిన్నప్పుడే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసులకి స్కాలర్‌షిప్ వచ్చింది, తర్వాత లేక్ ఫారెస్ట్ కాలేజీలో చేరాడు, డిగ్రీ పూర్తవకుండానే 1929లో చికాగో డైలీ న్యూస్‌లో ఉద్యోగం వచ్చేసింది. అప్పటికి 19 ఏళ్లు. అక్కడ మొదటి కార్టూన్ 1929 ఏప్రిల్ 24న వచ్చింది, ఎప్పుడో ఒక కవి పాడిన పచ్చటి ఆదిమ అడవి ఇదే అన్న క్యాప్షన్ కింద, కనుచూపు మేర నరికేసిన చెట్ల మొద్దులు. అడవులు కొట్టేయడం గురించి 1929లో! ఈరోజు కొత్తగా గీసినట్టు పేపర్‌లో వేసినా ఎవరూ పాతది అనుకోరు. అదే సంవత్సరం అక్టోబర్‌లో స్టాక్ మార్కెట్ కుప్పకూలింది, ఆ తర్వాత డిప్రెషన్ అనే ఆర్థిక మాంద్యం, కూటి కోసం క్యూలు, రూజ్‌వెల్ట్, అటు యూరప్‌లో హిట్లర్. అంటే ఈ కుర్రాడు కుర్చీలో సర్దుకుని కూర్చునే లోపే లోకం తలకిందులైంది.

1933లో క్లీవ్‌లాండ్‌లో ఉన్న ఎన్‌ఈఏ అనే సిండికేట్‌కి మారాడు. సిండికేట్ అంటే ఒక దగ్గర గీసిన బొమ్మని దేశమంతా ఉన్న చిన్నా పెద్దా పేపర్లకి సప్లై చేసే కంపెనీ. వాళ్లకి అన్ని రకాల పేపర్లూ కస్టమర్లే కాబట్టి ఎవరినీ నొప్పించకూడదు, ఈయనేమో హిట్లర్‌ని చూస్తూ ఊరుకోకూడదు అని బొమ్మ మీద బొమ్మ గీస్తున్నాడు, అప్పటికి అమెరికాలో ఆ యుద్ధం మనకెందుకు అనేవాళ్లు చాలామంది. కంపెనీ పెద్దాయనకి ఇది నచ్చలేదు. 1942లో న్యూయార్క్‌కి రమ్మని కబురు వచ్చింది, ఉద్యోగం పోయేలాగే ఉంది పరిస్థితి. సరిగ్గా ఆ టైమ్‌లోనే పులిట్జర్ ప్రైజ్ అనౌన్స్ అయింది, ఈయనకే. పులిట్జర్ వచ్చినవాణ్ణి ఎవరు తీసేస్తారు! ఈ సంఘటన చదివినప్పుడల్లా నాకు సంతోషం వేస్తుంది గానీ దాంతో పాటే భయం కూడా, ఆ ప్రైజ్ ఆ సంవత్సరం ఇంకొకరికి వెళ్లి ఉంటే తర్వాతి 59 ఏళ్ల బొమ్మలు ఉండేవో లేదో.

యుద్ధంలో ఆర్మీకి వెళ్లి, అక్కడ కూడా సైనికుల పేపర్ల కోసం బొమ్మలు గీసి, 1946 మొదట్లో వాషింగ్టన్ పోస్ట్‌లో చేరాడు. అప్పటి ఓనర్ యూజీన్ మేయర్ ఆయన్ని తీసుకునే ముందు, నువ్వు మా పేపర్ కొన్నాళ్లు చదువు, నీకు నచ్చుతుందో లేదో చూసుకో అని సబ్‌స్క్రిప్షన్ కట్టి పంపించాడట. ఓనర్ ఇలా మొదలుపెట్టిన ఉద్యోగం కాబట్టే 55 ఏళ్లు నడిచిందేమో అనిపిస్తుంది నాకు.

ఇక ఆయన్ని హెర్బ్లాక్‌ని చేసిన రోజులు, మెకార్తీ రోజులు. యుద్ధం అయిపోగానే అమెరికాలో కమ్యూనిస్టు భయం పట్టుకుంది, ఎవడు పక్కింట్లో ఉన్నా వీడు రష్యా మనిషేమో అన్న అనుమానం, కాంగ్రెస్ (అక్కడి పార్లమెంట్) కమిటీలు టీచర్లనీ సినిమావాళ్లనీ ఉద్యోగులనీ పిలిచి నువ్వు కమ్యూనిస్టువా కాదా అని నిలదీయడం. 1947 అక్టోబర్‌లో ఒక బొమ్మ గీశాడు, ఆ కమిటీవాళ్లు కారులో స్పీడుగా వెళ్తూ రోడ్డు మీద జనాన్ని గుద్దుకుంటూ పోతున్నారు, పైగా ఏం ఫర్లేదు మేం కమ్యూనిస్టుల్ని వేటాడుతున్నాం అంటున్నారు. 1949 జూన్‌లో ఇంకోటి, స్వాతంత్ర్య దేవత విగ్రహానికి నిచ్చెన వేసుకుని ఒకడు నీళ్ల బకెట్‌తో పైకి ఎక్కేస్తున్నాడు, చేతిలో కాగడా వెలుగుతోంది కదా, నిప్పు నిప్పు అని అరుస్తూ దాన్ని ఆర్పడానికి. ఆ మనిషి మీద ఉన్మాదం అని రాసి ఉంటుంది. ఇంత చిన్న బొమ్మలో ఒక దేశం తనకి తాను ఏం చేసుకుంటోందో మొత్తం ఉంది, దీని మీద వంద ఎడిటోరియల్స్ రాసినా ఇంత దూరం వెళ్లవు.

1950 ఫిబ్రవరిలో సెనేటర్ మెకార్తీ ప్రభుత్వంలో దూరిన కమ్యూనిస్టుల లిస్టు నా దగ్గర ఉంది అని ఉపన్యాసం ఇచ్చాడు. మార్చి 29న హెర్బ్లాక్ బొమ్మ వచ్చింది. రిపబ్లికన్ పార్టీ గుర్తు ఏనుగు కదా, ఆ ఏనుగుని పార్టీ పెద్దలే ముందుకి నెట్టుకెళ్తున్నారు, ఎదురుగా తారు డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఊగిసలాడేలా పేర్చి ఉన్నాయి, అన్నిటికన్నా పైదాని మీద మెకార్తీయిజం అని రాసి ఉంది, నన్ను దీని మీద నిలబడమంటారా అని ఏనుగు బెదురుతోంది. రుజువు లేకుండా ఎవరి మీద పడితే వాళ్ల మీద ముద్ర వేయడానికి వాడే ఆ మాట పుట్టింది ఆ డబ్బా మీదే అని ఈరోజుకీ చెప్తారు. నాకు మాట కన్నా ఏనుగు మొహం ఎక్కువ ముఖ్యం. ఆ ఏనుగు విలన్ కాదు, దానికి భయంగా ఉంది, ఇష్టం లేదు, కానీ వెనకనుంచి సొంతవాళ్లే తోస్తున్నారు. ఒక పార్టీలో మంచివాళ్లు కూడా ఎలా లొంగిపోతారో అందులో కనిపిస్తుంది.

ఇంకోటి కూడా చెప్పాలి, 1954 మార్చిది. నేను ఎక్కువసేపు చూసిన బొమ్మ ఇదే. ఒక వైపు మెకార్తీ, చేతిలో మాంసం కొట్టే కత్తి, దాని నుంచి రక్తం కారుతోంది. ఎదురుగా ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్, యుద్ధం గెలిచిన జనరల్, ఠీవిగా నిలబడి ఒరలోంచి ఆయుధం దూస్తున్నాడు, జాగ్రత్త సార్ అంటున్నాడు. బయటికి వచ్చింది కత్తి కాదు, పక్షి ఈక. అంతే. ఆ రోజుల్లో ఐసెన్‌హోవర్ అంటే జనానికి దేవుడు లాంటివాడు, ఆయన మెకార్తీని గట్టిగా ఎదిరించట్లేదని అందరూ లోలోపల అనుకోవడమే గానీ పైకి అనేవాళ్లు తక్కువ. ఈయన బూతు లేకుండా, ఆయన్ని చెడ్డవాడుగా చూపించకుండా, చేతిలో ఒక ఈక మాత్రం పెట్టాడు.

హెర్బ్లాక్‌ని కమ్యూనిస్టు అన్నవాళ్లు లేకపోలేదు. వాళ్ల కోసం ఒక్క విషయం, 1954లో ఆయనకి వచ్చిన రెండో పులిట్జర్ స్టాలిన్ చావు మీద గీసిన బొమ్మకి. మృత్యుదేవత స్టాలిన్‌ని పక్కన పెట్టుకుని, జోసెఫ్, నువ్వు ఎప్పుడూ నాకు గొప్ప స్నేహితుడివి అంటోంది. అంటే అటు స్టాలిన్‌నీ ఇటు మెకార్తీనీ ఒకే కుంచెతో కొట్టాడు.

1952లో అసలు పరీక్ష వచ్చింది. ప్రెసిడెంట్ ఎన్నికల్లో పోస్ట్ పేపర్ ఐసెన్‌హోవర్‌కి సపోర్ట్ ఇచ్చింది, హెర్బ్లాక్‌కి ఆయన మీద పోటీ చేసిన స్టీవెన్‌సన్ ఇష్టం. ఎన్నికలు దగ్గరపడే కొద్దీ బొమ్మలు ఘాటెక్కాయి, పేపర్ నడిపే ఫిల్ గ్రాహమ్ చివరి రోజుల్లో ఆయన కార్టూన్లు ఆపేశాడు. అయితే ఆ బొమ్మలు సిండికేట్ ద్వారా వేరే ఊళ్ల పేపర్లలో వస్తూనే ఉన్నాయి, సొంత పేపర్‌లో మాత్రం లేవు, జనం గమనించి ఎక్కడ మా హెర్బ్లాక్ అని అడగడం మొదలుపెట్టారు. పేపర్ పరువు పోయినంత పనైంది. ఎన్నికలయ్యాక మళ్లీ యథాస్థానం. ఆ దెబ్బ తర్వాత ఇంక ఆయన జోలికి ఎవరూ పోలేదు, ఫిల్ తర్వాత పేపర్ చేపట్టిన కాథరిన్ గ్రాహమ్ కూడా తను వచ్చేసరికే ఆయన పూర్తిగా స్వతంత్రుడైపోయాడన్న సంగతి గౌరవంగానే రాసుకున్నారు. నా అభిప్రాయం అడిగితే ఆయన కెరీర్‌లో పులిట్జర్ల కన్నా ఇదే పెద్ద విజయం. జీతం ఇచ్చే పేపర్‌లోనే ఆ పేపర్ అభిప్రాయానికి ఎదురుగా, రోజూ, అర్ధ శతాబ్దం పాటు గీయగలిగాడు, అది ఇచ్చిన ఓనర్లకి కూడా దండం పెట్టాలి.

నిక్సన్ గురించి రాయకుండా హెర్బ్లాక్ గురించి రాయడం కుదరదు. నిక్సన్ వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు, 1954 అక్టోబర్ చివర్లో ఒక బొమ్మ వచ్చింది, ఊళ్లో నాయకుడి కోసం స్వాగతం చెప్పడానికి జనం బ్యాండుతో రెడీగా ఉన్నారు, అదిగో వస్తున్నాడు అంటున్నారు, ఆయనేమో పెట్టె పట్టుకుని మురికి కాలువ మూతలోంచి పైకి వస్తున్నాడు. ఎన్నికల ప్రచారంలో ఊరూరా తిరిగి ప్రత్యర్థుల మీద బురద చల్లుతున్నాడని దాని అర్థం. నిక్సన్‌కి ఎప్పుడు చూసినా గీసుకోని గడ్డం గీసేవాడు, సాయంత్రానికి నల్లగా కనిపించే ఆ గడ్డం ఆయన మొహానికి అంటుకుపోయింది. చిన్న కూతుళ్లు చూస్తారని నిక్సన్ ఇంటికి పోస్ట్ పేపర్ మాన్పించేశాడని చెప్తారు. 1968లో నిక్సన్ ప్రెసిడెంట్‌గా గెలిచినప్పుడు హెర్బ్లాక్ తన ఆఫీసుని మంగలి షాపులాగా గీసి, ఈ షాపు ప్రతి కొత్త ప్రెసిడెంట్‌కీ ఒక గడ్డం ఫ్రీగా గీస్తుంది అని బోర్డు పెట్టాడు. పెద్ద మనసున్న బొమ్మ అది, నిజంగానే ఒక అవకాశం ఇచ్చాడు.

వాటర్‌గేట్ అనే బిల్డింగ్‌లో, నిక్సన్ ప్రత్యర్థులైన డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో దొంగలు దొరికింది 1972 జూన్ 17న. జూన్ 23నే, అంటే వారం కూడా తిరక్కముందే, అడుగుజాడలన్నీ వైట్‌హౌస్ దగ్గరికే చేరుతున్నట్టు ఆయన బొమ్మ వచ్చేసింది, విచిత్రంగా ఉందే వీటన్నిటికీ ఈ చోటుతో ఏదో సంబంధం ఉన్నట్టుందే అని కింద మాట. అప్పటికి చాలా పేపర్లు దాన్ని చిల్లర దొంగతనం అని లోపలి పేజీల్లో వేస్తున్నాయి. ఇక్కడే ఆ న్యూస్‌రూమ్ తిరుగుడు గుర్తుచేసుకోండి, ఆ వార్తని తవ్వుతున్న రిపోర్టర్లు అదే ఆఫీసులో ఉన్నారు, ఈయన బొమ్మ ఊహ మీద గీసింది కాదు, అడిగి తెలుసుకుని గీసింది. రెండేళ్ల తర్వాత 1974 మేలో టేపు రికార్డర్ చక్రాల మధ్య టేపు పట్టుకుని వేలాడుతున్న నిక్సన్‌ని గీశాడు (వైట్‌హౌస్‌లో నిక్సన్ మాటలన్నీ రహస్యంగా రికార్డు చేసిన టేపులే ఆయన్ని పట్టించాయి), నేను దొంగని కాదు అన్న ఆయన మాటలే ఆ టేపు మీద. ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయాడు. వాటర్‌గేట్ వార్తలకి పోస్ట్‌కి 1973లో వచ్చిన పబ్లిక్ సర్వీస్ పులిట్జర్‌లో ఈయనకీ వాటా ఉంది, మూడో సొంత పులిట్జర్ 1979లో, మొత్తం పనికి. 1994లో ప్రెసిడెంట్ క్లింటన్ చేతుల మీదుగా మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అనే పెద్ద పౌర పురస్కారం తీసుకున్నాడు, తీసుకున్నాక అదే క్లింటన్‌ని గీయడం ఏమీ ఆపలేదు.

అణుబాంబుని మిస్టర్ ఆటమ్ అనే పెద్ద కాయం ఉన్న భయంకరమైన మనిషిగా చేసి ఏళ్ల తరబడి వాడుకున్నాడు. సిగరెట్ కంపెనీలు, తుపాకుల లాబీ, ఎన్నికల్లో డబ్బు, ఇవి కూడా ఆయన జీవితాంతం వదలని విషయాలు. 1959లో గుండెపోటు వచ్చాక సిగరెట్ మానేశాడు, తర్వాత సిగరెట్ కంపెనీల మీద ఆయన బొమ్మలు చూస్తే మానేసిన మనిషి కోపం కనిపిస్తుంది.

ఇప్పుడు లైబ్రరీ దగ్గరికి వద్దాం. వాటిలో చాలా బొమ్మలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో పెద్ద సైజు స్కాన్‌లుగా ఉన్నాయి, ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో తెరిచి బాగా జూమ్ చేసి చూడండి. పేపర్‌లో నల్లగా గట్టిగా కనిపించిన గీత కింద పలచటి పెన్సిల్ గీతలు రెండు మూడు ఉంటాయి, చెయ్యి ముందు ఇక్కడ పెట్టి, కాదనుకుని కొంచెం పైకి జరిపాడని తెలుస్తుంది. నీడల దగ్గర క్రేయాన్ రుద్దిన గరుకు, అది గుంటలు గుంటలుగా ఉండే ఒక రకం అట్ట మీద రుద్దడం వల్ల వచ్చే చుక్కలు, పేపర్‌లో అచ్చు వేయడానికి అనుకూలంగా ఉంటుందని అప్పటి అమెరికా కార్టూనిస్టులు చాలామంది అలాగే చేసేవాళ్లు. తప్పు పోయిన చోట తెల్ల రంగు పూసి దాని మీద మళ్లీ గీత. కొన్నిటిలో ఏకంగా వేరే కాగితం ముక్క కోసి అతికించి దాని మీద కొత్తగా గీశాడు, లైబ్రరీవాళ్లు కూడా ఒక్కోదాని వివరాల్లో పెన్సిల్ మీద ఇంకు, తెల్ల రంగు, అతికించిన ముక్క అని ఓపిగ్గా రాసి పెట్టారు. పొద్దున్నే చాయ్‌తో పాటు రెండు సెకన్లు చూసి పేజీ తిప్పేసే బొమ్మ వెనక ఇంత పని ఉంటుంది. అచ్చులో ఇవేవీ కనపడవు, కనపడకూడదనే అతను అవన్నీ చేశాడు, అందుకే ఒరిజినల్ ఉండాలి అంటాను.

చిత్తు బొమ్మలు ఇంకా లోపలికి తీసుకెళ్తాయి. ఒకే వార్త మీద నాలుగు దారులు ఉంటే ఏ మూడు వదిలేశాడు, వదిలేసినవాటిలో ఇంకా ఘాటైనవి ఉన్నాయా, అందరికీ తెలిసిన గుర్తుతో వెళ్లాడా, కొత్త దారి తొక్కాడా, ఇవన్నీ వరసగా చూడొచ్చు. ఈరోజు కార్టూన్ నేర్చుకునే కుర్రాళ్లకి ఇంతకన్నా మంచి గురువు దొరకడు. పాఠం చెప్పే పుస్తకాలు చాలా ఉంటాయి గానీ ఒక పెద్ద కార్టూనిస్టు ఒక సాయంత్రం ఎలా ఆలోచించాడో, డేటుతో సహా, కొన్ని దశాబ్దాల పాటు చూపించేవి ఎన్ని ఉంటాయి చెప్పండి. చరిత్ర చదివేవాళ్లకైతే ఇంకో లాభం, ఆ రోజు ఆ వార్త ఎంత పెద్దదనుకున్నారు, ఏ జోకు చెల్లింది, ఏది చెల్లలేదు అనేది ఎడిటోరియల్స్‌లో దొరకదు.

ఆయన బతికుండగానే 2000లో లైబ్రరీలో ఆయన బొమ్మలతో ఎగ్జిబిషన్ పెట్టారు. 2009లో పుట్టి వందేళ్లయిన సందర్భంగా ఇంకోటి. తర్వాత జెఫర్‌సన్ బిల్డింగ్‌లో ఆయన పేరుతోనే ఒక గ్యాలరీ ఏర్పాటు చేసి అప్పుడప్పుడూ బొమ్మలు మారుస్తూ వచ్చారు, వెలుతురు తగిలితే కాగితం పాడవుతుంది కాబట్టి ఒకే బొమ్మని ఏళ్ల తరబడి గోడకి ఉంచరు. ఆయన పెళ్లి చేసుకోలేదు, సంపాదించిందాంట్లో 5 కోట్ల డాలర్లు ఫౌండేషన్‌కి రాసి వెళ్లాడు, ఆ డబ్బుతోనే 2004 నుంచి ప్రతి సంవత్సరం ఒక కార్టూనిస్టుకి ఆయన పేరు మీద ప్రైజ్ ఇస్తున్నారు. ఆఖరి కార్టూన్ 2001 ఆగస్టు 26న వచ్చింది. రిటైర్మెంట్ అనేదే తీసుకోలేదు. ఇంకో రెండు వారాలకి సెప్టెంబర్ 11 జరిగింది, దాని మీద ఆయన బొమ్మ లేదు. 1929 నుంచి అమెరికాలో జరిగిన ప్రతి పెద్ద సంఘటన మీదా ఆయన ఏమనుకున్నాడో తెలుసుకోవచ్చు, ఆ ఒక్కదాని మీద తెలుసుకోలేం, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

వర్జీనియా, మేరీల్యాండ్ వైపు మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు కదా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే కాపిటల్ అనే పార్లమెంట్ భవనం దగ్గర ఫోటోలు ఎలాగూ దిగుతారు, దానికి ఎదురుగానే ఈ లైబ్రరీ. 16 ఏళ్లు దాటిన ఎవరికైనా రీడర్ కార్డు ఫ్రీగా ఇస్తారు, బొమ్మల విభాగంలో ఫలానాది చూడాలి అని ముందే రాసి అడగండి. అదే లైబ్రరీ ఢిల్లీ ఆఫీసు ద్వారా తెలుగు పుస్తకాలు కూడా తెప్పించుకుంటుంది, అది ఇంకో రోజు రాస్తాను.

ఇదంతా చదువుతున్నంతసేపూ నా మనసు మనవాళ్ల మీదకే పోతోంది. తెలుగు కార్టూన్‌కి ఆద్యుడని చెప్పుకునే తలిశెట్టి రామారావు గారి బొమ్మలు భారతి పత్రికలో ఉన్నాయి, ఆయన పుట్టినరోజు మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా చేసుకుంటాం. బాపు గారు సినిమాలకి ముందు ఆంధ్రపత్రికలో పొలిటికల్ కార్టూనిస్టు. ఉదయం అనే దినపత్రికలో మోహన్ గారి బొమ్మలు, ఈనాడులో శ్రీధర్ గారివి చూస్తూ పెరిగిన తరం మాది, ఊళ్లో రచ్చబండ దగ్గర చదువు రానివాళ్లు కూడా ఆ బొమ్మ చూపించమని అడిగేవాళ్లు. పాత పత్రికల్ని ప్రెస్ అకాడమీవాళ్లు స్కాన్ చేసి పెట్టడం చాలా గొప్ప పని, అందులో సందేహం లేదు, కానీ అది అచ్చయిన పేజీ. పెన్సిల్ గీత, పూసిన తెల్ల రంగు, పక్కన పడేసిన చిత్తు బొమ్మ అందులో రావు. మన యూనివర్సిటీల్లో జర్నలిజం డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, ఫైన్ ఆర్ట్స్ కాలేజీలు ఉన్నాయి, ఒక గది, కొన్ని చెక్క బీరువాలు, ఒక మంచి స్కానర్, ఓపిక ఉన్న ఒక మనిషి చాలు మొదలుపెట్టడానికి. హెర్బ్లాక్ లాగా 5 కోట్ల డాలర్లు అక్కర్లేదు.

ఈ లోపు, ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా నాన్నగారో, తాతగారో, మేనమామో పేపర్‌కి కార్టూన్లు గీసినవాళ్లు ఉంటే దయచేసి ఇది మాత్రం చెయ్యండి. అట్టపెట్టెలో మడతలు పెట్టినవి ఉంటే మెల్లగా విప్పి, చదునుగా పరిచి, మధ్యలో మంచి తెల్ల కాగితాలు పెట్టి, ఎండా చెమ్మా తగలని చోట పెట్టండి. చిరిగినదానికి సెలోటేప్ వేయకండి, కొన్నేళ్లకి అది పసుపుపచ్చగా మారి బొమ్మని తినేస్తుంది. ల్యామినేషన్ అస్సలు చేయించకండి. రఫ్‌గా ఉంది కదా అని ఏ ముక్కా పారేయకండి. ఆ మనిషి ఇంకా మనతో ఉంటే పక్కన కూర్చోబెట్టి ఒక్కో బొమ్మ చూపించి ఇది ఏ రోజుది, ఏ వార్త మీద, ఇది ఎందుకు వేయలేదు అని అడిగి, వెనక వైపు ఒక మూల పెన్సిల్‌తో రాసి పెట్టండి, పెన్నుతో వద్దు, ఇంకు ఇవతలికి దిగుతుంది.